జీతమిచ్చే క్లబ్బు, చందా కట్టే క్లబ్బు

1964లో బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిన జట్టు పేరు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. విచిత్రమేమిటంటే, ఆ పేరుతో అప్పటికి రైల్వేనే లేదు. 1887లో పుట్టిన ఆ కంపెనీని 1944లో ప్రభుత్వం తీసేసుకుంది. 1952లో తూర్పు రైల్వేలో కలిపింది. 1955లో మళ్లీ విడదీసి ఆగ్నేయ రైల్వే అని పేరు పెట్టింది. కంపెనీ పోయి ఇరవై ఏళ్లయినా ఫుట్‌బాల్ జట్టు మాత్రం కలకత్తా మైదానంలోకి బీఎన్ఆర్‌గానే దిగేది.

ఆ కంపెనీ పట్టాలతోనే బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. 1902 ప్రాంతంలో వాల్తేరు దాకా తీరం వెంబడి ఉన్న లైను కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల నుంచి మనవాళ్లు ఒక్కొక్కరే ఖరగ్‌పూర్‌కూ బిలాస్‌పూర్‌కూ చేరారు. ఫిట్టర్లయ్యారు, గ్యాంగ్‌మన్లయ్యారు, గార్డులయ్యారు. వాళ్ల మనవలు ఇప్పటికీ బిలాస్‌పూర్ బుధవారీ బజారులో కూరగాయలు బేరమాడుతూ కనిపిస్తారు. కొందరు ఊరు పెరిగేకొద్దీ బెల్తరా వైపు స్థలాలు కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నారు. రైల్వే కాలనీ అంటే క్వార్టర్లు, ఆసుపత్రి, ఇన్‌స్టిట్యూట్, దాని పక్కన ఒక గ్రౌండు. ఆ గ్రౌండులో ఆడే పిల్లలకు బాగా ఆడితే రైల్వేలో ఉద్యోగం వస్తుందని ఇంట్లోవాళ్లే చెప్పేవాళ్లు. అది వట్టి మాట కాదు, అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ సగం నడిచిందే ఆ లెక్క మీద.

ఇక్కడే మామూలు పాఠకుడికి ఒక సందేహం వస్తుంది. రైల్వే ఏమిటి, ఫుట్‌బాల్ క్లబ్బు ఏమిటి? పోలీసు శాఖకు కప్పులతో పనేమిటి? ఈ సందేహం తీరాలంటే క్లబ్బులు ఎన్ని రకాలో ముందు తెలియాలి.

పాత రకాలు రెండు. ఒకదాంట్లో కొంతమంది కలిసి చందాలు వేసుకుంటారు, సభ్యులవుతారు, కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు. ఆ కార్యవర్గం ఆటగాళ్లను తెచ్చుకుంటుంది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ అలా మొదలైనవే. రెండో రకంలో ఒక శాఖ, మిల్లు, లేదా కంపెనీ తన ఉద్యోగులతోనే జట్టు కడుతుంది. బాగా ఆడేవాడిని వెతికి మరీ ఉద్యోగంలో పెట్టుకుంటుంది. ఆటగాడికి అందేది నెల జీతం. ఫుట్‌బాల్ అతని డ్యూటీలో భాగం. మూడో రకం, అంటే పెట్టుబడిదారు కొనుక్కునే ఫ్రాంచైజీ, ఈమధ్య వచ్చింది. దాని సంగతి చివర్లో చూద్దాం.

ఈ రెండు పాత రకాలూ పక్కపక్కనే పెరిగిన దేశం ఈజిప్టు. అక్కడ అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ క్లబ్బు రైల్వే ఉద్యోగులదే. దాని పేరు ఎల్ సెక్కా ఎల్ హదీద్, పుట్టింది 1903లో, కైరోలో. నాలుగేళ్ల తర్వాత, 1907లో, అదే ఊళ్లో అల్ అహ్లీ వచ్చింది. బ్రిటిష్ పెత్తనం రోజులవి. చదువుకున్న ఈజిప్టు యువకులు కలుసుకోవడానికి తమదంటూ ఒక చోటు ఉండాలన్న ఆలోచనతో పెట్టిన క్లబ్బు అది. 1911లో జమాలెక్ వచ్చింది. ఇప్పుడు అహ్లీ ఖాతాలో 40కి పైగా లీగ్ టైటిళ్లు, 12 ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ కప్పులు ఉన్నాయి. అధ్యక్షుణ్ణి ఇప్పటికీ సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు. 2017లో వాళ్లు ఎన్నుకున్న మహమూద్ అల్ ఖతీబ్ ఒకప్పుడు ఆ క్లబ్బు స్టార్ ఫార్వర్డ్.

శాఖల, కంపెనీల జట్లు అక్కడా తక్కువేం లేవు. ఆయుధాగారం కార్మికులు పెట్టుకున్న తర్సానా 1963లో లీగ్ గెలిచింది. మహల్లా ఊరి బట్టల మిల్లు జట్టు ఘజల్ అల్ మహల్లా 1973లో గెలిచింది. ఉస్మాన్ అహ్మద్ ఉస్మాన్ అనే పెద్ద కాంట్రాక్టరు కంపెనీ జట్టు అల్ మొకావ్లూన్ 1983లో గెలిచింది. లివర్‌పూల్‌తో ప్రపంచమంతా తెలిసిన మొహమ్మద్ సలా పల్లెటూరి నుంచి బస్సులు మారుతూ కైరో వచ్చి ఆట నేర్చుకున్నది ఈ కాంట్రాక్టరు కంపెనీ జట్టులోనే. ఈ మూడు జట్లూ లీగ్‌ను గెలిచింది తలా ఒక్కసారే. ఆ తర్వాత మళ్లీ అహ్లీ, జమాలెక్‌లదే రాజ్యం. శాఖ జట్టు ఒకటి రెండేళ్లు మెరుస్తుందేగానీ నిలబడదని ఈ లెక్క చూస్తే అనిపిస్తుంది.

అలా అనుకోవడం తొందరపాటని చెప్పడానికి మన దగ్గరే ఒక జట్టు ఉంది: హైదరాబాద్ సిటీ పోలీస్.

దాని రికార్డు చూసేముందు అప్పటి పోటీల సంగతి కొంచెం తెలియాలి. మన దేశంలో జాతీయ లీగ్ 1996 దాకా లేదు. ఏ జట్టు గొప్పదో తేల్చేవి కప్పులే. సిమ్లాలో 1888లో మొదలై తర్వాత ఢిల్లీకి మారిన డ్యూరాండ్, బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్, కలకత్తాలో 1893లో మొదలైన ఐఎఫ్ఏ షీల్డ్, ఈ మూడే పెద్దవి. మొదట్లో ఇవన్నీ బ్రిటిష్ పటాలాల సరదా. మన జట్లు వాళ్లను ఓడించడానికి చాలాకాలం పట్టింది. 1911లో మోహన్ బగాన్ షీల్డ్ గెలిస్తే అది జాతీయోద్యమ వార్త అయింది.

ఈ రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీస్ 1950లో గెలిచింది. 1951లో గెలిచింది. 1952, 1953, 1954లలో కూడా గెలిచింది. వరుసగా ఐదేళ్లు కప్పు హైదరాబాద్ దాటి పోలేదు. 1957లో మళ్లీ గెలిచింది. రాష్ట్రం ఏర్పడ్డాక జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. ఆ పేరుతో 1960లో, 1963లో గెలిచింది. మధ్యలో 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కప్పు పంచుకుంది. మొత్తం మీద 14 ఏళ్లలో 9 సార్లు. డ్యూరాండ్‌ను 1950, 1954, 1957, 1961లలో గెలిచింది. మరో మూడుసార్లు ఫైనల్‌లో ఓడింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు డబ్బు, జనం, పత్రికలు అన్నీ ఉన్నాయి. ఒక నగర పోలీసు శాఖ వాటన్నిటినీ దాటి దేశం మీద పెత్తనం చేసింది. మన క్రీడా చరిత్రలో ఇంతకన్నా ఆశ్చర్యకరమైన రికార్డు నాకు కనిపించదు. క్రికెట్ కబుర్లకు వెచ్చించిన సిరాలో పదో వంతు దీనికి ఖర్చు చేసినా, ఈపాటికి ప్రతి తెలుగు విద్యార్థికీ ఈ సంవత్సరాలు నోటికి వచ్చేవి.

జట్టు రాత్రికి రాత్రి ఊడిపడలేదు. 1943లోనే బెంగళూరులో యాష్ గోల్డ్ కప్పు ఫైనల్లో బ్రిటిష్ వైమానిక దళం జట్టును ఓడించింది. అసలు మలుపు మాత్రం 1950లో సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షకుడిగా వచ్చాకే.

రహీం పోలీసు కాదు, బడిపంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1940ల నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి ఆయనే. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. జట్టుకు పోలీసు శాఖలో అండగా నిలిచిన అధికారి శివకుమార్ లాల్. ఉద్యోగాలూ అనుమతులూ చూసేవారు ఒకరు, ఆట చూసేవారు ఇంకొకరు. ఈ ఇద్దరి జోడీని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రహీం ఏం చేశారు? మన ఆటగాళ్లకు అప్పట్లో ఒక జబ్బు ఉండేది. బంతి కాలికి తగిలితే వదిలేవాళ్లు కాదు. ఒకణ్ణి తప్పించి, ఇంకొకణ్ణి తప్పించి, మూడోవాడి దగ్గర పోగొట్టుకునేవాళ్లు. చూసే జనం మాత్రం చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ జబ్బు వదిలించడానికి రహీం కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టారు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి, లేకపోతే తప్పు. మొదట్లో ఇది ఆటే కాదని అందరూ చిరాకు పడి ఉంటారు. కానీ నెలల తరబడి ఇలా ఆడిన కుర్రాడు బంతి రాకముందే తల ఎత్తి చూడటం నేర్చుకుంటాడు. ఎవరు ఖాళీగా ఉన్నారు, ఎటు ఇవ్వాలి అన్నది బంతి వచ్చాక ఆలోచిస్తే ఆలస్యం. ఇంకో రకం పోటీల్లో బలహీనమైన కాలితో మాత్రమే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. ఇలా రెండు కాళ్లూ అలవాటైతే డిఫెండరుకు చిక్కు వచ్చిపడుతుంది, ఎదుటివాడు ఎటు తిరుగుతాడో చెప్పలేడు. పెద్ద ఖర్చేమీ లేని పద్ధతులు ఇవి. ఒక బంతి, ఒక మైదానం, చెప్పిన నియమం తప్పకుండా అమలు చేసే పంతులు ఉంటే చాలు.

వ్యూహంలోనూ ఆయన ముందున్నారు. 1953లో హంగరీ జట్టు లండన్ వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో చిత్తు చేసింది. అందులో కీలకం సెంటర్ ఫార్వర్డ్ గోలు ముందు నిలబడకుండా వెనక్కి రావడం. అతన్ని కాపలా కాసే డిఫెండరు వెంట వస్తే వెనక ఖాళీ ఏర్పడుతుంది. రాకపోతే అతను స్వేచ్ఛగా బంతులు అందిస్తాడు. రహీం ఈ ఎత్తును పట్టుకుని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుతో ఆడించారు. నలుగురు వెనక, ఇద్దరు మధ్య, నలుగురు ముందు ఉండే 4-2-4 అమరికను బ్రెజిల్ 1958 ప్రపంచ కప్పులో ఆడి ప్రపంచానికి నేర్పింది. ఆ దారిలో మన జట్టు అంతకు ముందే నడిచింది.

1950 నుంచి రహీం జాతీయ జట్టుకూ శిక్షకుడు. అందుకే పోలీసు జట్టు కథ, దేశం జట్టు కథ విడదీయరానంతగా కలిసిపోయాయి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచాం. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. అప్పటికి మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడేవాళ్లు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరాం, నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, అందరూ హైదరాబాద్ మట్టిలో ఆడినవాళ్లే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి రెండో బంగారం తెచ్చిన జట్టులోనూ తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. అప్పటికే రహీం క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయన కథతో 2024లో అజయ్ దేవగణ్ హీరోగా ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. చాలామంది తెలుగువాళ్లకు రహీం పేరు తెలిసింది అప్పుడే.

ఆ పేర్ల జాబితా చూసి ఇందులో తెలుగువాళ్లెందరు అని కొందరు అడుగుతారు. అప్పటి హైదరాబాద్ ఫుట్‌బాల్ పాతబస్తీ ఉర్దూ కుటుంబాలది, బార్కస్ అరబ్బు సంతతి వాళ్లది, సికింద్రాబాద్ కంటోన్మెంటులోని తమిళులది, ఆంగ్లో ఇండియన్లది. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. రెండేళ్లు తిరిగేసరికే ఇలాంటి జట్టు హైదరాబాద్ పేరు మీద దేశమంతా గెలుస్తూ తిరిగింది. వీళ్లు మనవాళ్లు కాకపోతే ఆ ఊరు కూడా మనది కాదు.

ఇక శాఖ జట్టు లోపల ఎలా నడుస్తుందో చూద్దాం. బస్తీలో బాగా ఆడే కుర్రాడు కనబడతాడు. కానిస్టేబులుగా తీసుకుంటారు. పొద్దున్నే ప్రాక్టీసు, టోర్నమెంటు రోజుల్లో డ్యూటీ మినహాయింపు, ప్రయాణానికి భత్యం, గెలిస్తే ప్రమోషన్. అన్నిటికన్నా పెద్ద ఆకర్షణ ఒకటుంది. మోకాలు విరిగినా, వయసు మీరినా ఉద్యోగం పోదు, రిటైరయ్యాక పింఛను వస్తుంది. ఫుట్‌బాల్‌తో కుటుంబం గడవని దేశంలో పేదింటి తల్లిదండ్రులకు కావలసిన భరోసా అది. జట్టుకూ లాభమే. అదే పదిహేను మంది ఏళ్ల తరబడి ఒకే మైదానంలో, ఒకే గురువు కింద ఆడతారు. ఎవడు ఎటు పరుగెత్తుతాడో కళ్లు మూసుకుని చెప్పగలరు. ఏటా ఆటగాళ్లను మార్చే క్లబ్బుకు ఈ కుదురు ఎంత డబ్బు పెట్టినా దొరకదు. ఐదేళ్ల వరుస విజయాల్లో సగం రహస్యం ఇదేనని నా నమ్మకం. మిగతా సగం రహీం.

బలహీనత కూడా అక్కడే ఉంది. తులసీదాస్ బలరాం జీవితం చూస్తే అది కళ్లకు కడుతుంది.

బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టారు. ఇంట్లో బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను సంపాదించి, చెప్పులు కుట్టేవాడి దగ్గరికి తీసుకెళ్లి ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నారని చెబుతారు. రహీం కంట పడ్డాక ఇంకో చిక్కు వచ్చింది. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ మైదానానికి రోజూ రావడానికి డబ్బుల్లేవు. అద్దె సైకిలుకు డబ్బులు రహీమే ఇచ్చారు. కొద్దికాలంలోనే ఆ కుర్రాడు హైదరాబాద్ జట్టులో ఆడాడు, ఆ జట్టు రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో గెలిచింది. ఇరవై ఏళ్లకే ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1957లో ఈస్ట్ బెంగాల్ పిలిచింది, వెళ్లిపోయాడు. చుని గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అని మూడు పేర్లు కలిపి జపించిన తరం ఒకటి ఇప్పటికీ బెంగాల్‌లో ఉంది. 1963లో బలరాం మన రైల్వే జట్టు బీఎన్ఆర్‌లో చేరారు. ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది. రైల్వే ఉద్యోగం మాత్రం మిగిలింది. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశారు.

ఈ కథలో రెండు సంగతులు కనిపిస్తాయి. శాఖ జట్టు ఇచ్చే ఉద్యోగం ఆటగాణ్ణి చివరిదాకా కాపాడగలదు, బలరాంకు రైల్వే ఆ పని చేసింది. పీకే బెనర్జీ కూడా కలకత్తా పెద్ద క్లబ్బులు ఎంత పిలిచినా తూర్పు రైల్వే జట్టును వదల్లేదు. ఆ జట్టు 1958లో కలకత్తా లీగ్ గెలిచింది. కానీ కలకత్తా పిలిస్తే హైదరాబాద్ పోలీసు శాఖ ఏం చేయగలదు? పోటీగా డబ్బు పెంచలేదు. కానిస్టేబులు జీతానికి ప్రభుత్వ స్కేలు ఉంటుంది. గేటు దగ్గర టికెట్ల డబ్బు లేదు, చందా కట్టే సభ్యులు లేరు, గోల చేసే అభిమాన సంఘాలు లేవు. అందుకే బలరాం తర్వాత నయీముద్దీన్ వెళ్లాడు, హబీబ్ వెళ్లాడు, అతని తమ్ముడు అక్బర్ వెళ్లాడు, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వెళ్లారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ నయీముద్దీన్. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమం చేసుకుంటే ఒక గోలు కొట్టింది హబీబ్. అప్పటికి హైదరాబాద్ ఆటగాళ్లకు కొదవ లేదు. వాళ్లను నిలుపుకునే క్లబ్బు లేదు.

రహీం పోయిన ఏడాది, 1963లో, ఆంధ్రప్రదేశ్ పోలీస్ రోవర్స్ గెలిచింది, డ్యూరాండ్ ఫైనల్లో ఓడింది. ఆ తర్వాత ఆ రెండు కప్పుల్లో ఒక్కటి కూడా మళ్లీ గెలవలేదు. ఇంత ఎత్తు నుంచి ఇంత హఠాత్తుగా ఆగిపోవడం మామూలు విషయం కాదు. రాష్ట్ర జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది కాబట్టి ప్రతిభ అడుగంటింది అనలేం. ఇందాక గుర్తుపెట్టుకోమన్న జోడీ సంగతి ఇక్కడికి వస్తుంది. ఆట తెలిసిన పంతులు, ఆటను ప్రేమించే అధికారి, ఈ ఇద్దరూ ఉన్నంతకాలం శాఖ జట్టు దేశంలో ఏ క్లబ్బుకూ తీసిపోదు. అధికారి రిటైరవుతాడు. ఆ సీటులోకి వచ్చే కొత్తాయనకు హాకీ ఇష్టం కావచ్చు, ఏ ఆటా ఇష్టం లేకపోవచ్చు. ఆయన్ను తప్పుపట్టడానికీ లేదు. పోలీసు శాఖ ఉన్నది శాంతిభద్రతల కోసం, కప్పుల కోసం కాదు. కోటా తగ్గించినా, టోర్నమెంటుకు పంపకపోయినా అడిగేవాడు ఉండడు. సభ్యులున్న క్లబ్బులో జట్టు వరుసగా ఓడితే జనరల్ బాడీలో కుర్చీలు లేస్తాయి, కార్యవర్గం మారుతుంది. శాఖలో ఫైలు మూతపడుతుంది.

కేరళ పోలీసుల కథ కూడా ఇదే తీరు. 1990, 1991లలో వరుసగా ఫెడరేషన్ కప్పు గెలిచారు. ఐఎం విజయన్ లాంటివాళ్లు ఆ జట్టులోనివాళ్లే. విజయన్‌ను కలకత్తా పిలిచింది, జట్టు మెల్లగా వెనకబడింది. రైల్వేలో పరిస్థితి కొంత మేలు. ఒక్కో జోనుకూ క్రీడా సంఘం ఉంది, ఆటగాళ్ల కోటా ఉంది. రైల్వే జట్టు సంతోష్ ట్రోఫీని 3 సార్లు గెలిచింది. బిలాస్‌పూర్ 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోను కేంద్రం అయ్యాక ఇక్కడి కుర్రాళ్లకు కోటా ఉద్యోగాల కోసం కలకత్తా వైపు చూడాల్సిన పని తగ్గింది. అయితే 1996లో జాతీయ లీగ్ వచ్చాక ఆట స్వరూపమే మారిపోయింది. ఏడాదిలో నెలల తరబడి ఊరూరా తిరగాలి, విదేశీ ఆటగాళ్లను తెచ్చుకోవాలి, మైదానం, టీవీ, స్పాన్సర్లు అన్నీ చూసుకోవాలి. సర్కారు స్కేలు మీద నడిచే జట్టుకు అది మోయలేని భారం. రోవర్స్ కప్పు కూడా 2000-01 తర్వాత ఆగిపోయింది.

మూడో రకం క్లబ్బు వచ్చింది ఈ ఖాళీలోకే. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. 2019లో పుణె ఫ్రాంచైజీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడింది. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. 1-1తో సమమయ్యాక పెనాల్టీల్లో హైదరాబాద్ 3-1తో గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. హైదరాబాద్ పేరు మీద అంత పెద్ద కప్పు వచ్చి దశాబ్దాలైంది. అయితే కోవిడ్ కారణంగా ఆ సీజనంతా గోవాలోనే జరిగింది, హైదరాబాద్ జనం తమ ఊళ్లో ఒక్క ఆటా చూడలేదు. ఆ తర్వాత ఆటగాళ్లకు జీతాలు అందక గొడవలయ్యాయి, యాజమాన్యం మారింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. యజమానికి నచ్చితే ఊరు మారుతుంది. సభ్యులే లేనప్పుడు అడ్డుపడేదెవరు? ఈ విషయంలో శాఖ జట్టే నయం. పోలీసు జట్టు బలహీనపడినా హైదరాబాద్ వదిలి మాత్రం వెళ్లలేదు. ఐ-లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ అనే మరో హైదరాబాద్ జట్టు ఆడింది. 2022-23లోనూ ఆ మరుసటి ఏడాదీ రెండో స్థానంలో నిలిచింది. అయితే అదీ ఒక విద్యాసంస్థల యాజమాన్యం చేతిలోదే.

అహ్లీ లాంటి క్లబ్బు ఒక్కటంటే ఒక్కటి తెలుగునాట రాలేదు. అందుకు సర్కారును తిట్టి లాభం లేదు. ఆట చూడటానికి వేలల్లో వెళ్లినవాళ్లం, ఏడాదికోసారి చందా కట్టి క్లబ్బు మాది అనలేకపోయాం. కలకత్తాలో గుమాస్తాలు, కైరోలో కాలేజీ కుర్రాళ్లు ఆ పని చేశారు. సభ్యత్వం గొప్ప మంత్రమేమీ కాదు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కూడా ఈ మధ్య పెట్టుబడిదారులతో ఒప్పందాలు చేసుకుంటేగానీ సూపర్ లీగ్‌లోకి రాలేకపోయాయి. అయినా ఆ ఒప్పందాల మీద సభ్యులు వీధిలోకి వచ్చి కొట్లాడారు. హైదరాబాద్ జట్టు ఢిల్లీకి వెళ్లిపోతుంటే మన వీధుల్లో అలాంటి అలికిడి కనిపించలేదు.

సభ్యులు లేకపోవడం వల్ల జరిగిన నష్టం ఇంకొకటి ఉంది. పెద్ద క్లబ్బుల దగ్గర ఆటగాళ్ల జాబితాలు, పాత ఫొటోలు, స్మారక సంచికలు భద్రంగా ఉంటాయి. శాఖ జట్ల చరిత్ర కాలం తీరిన ఫైళ్లతో పాటే పోతుంది. హైదరాబాద్ పోలీస్, బీఎన్ఆర్, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ రైల్వే జట్లలో ఆడినవాళ్ల ఫొటోలు ఇప్పుడు మిగిలింది వాళ్ల ఇళ్ల గోడల మీదే. మీ ఇంట్లో తాతగారిదో మేనమామదో అలాంటి జట్టు ఫొటో ఉంటే, పెద్దవాళ్లు చెప్పగలిగిన రోజుల్లోనే ఎవరెవరో అడిగి తెలుసుకోండి. ఫొటో వెనక పేర్లు వరుసగా రాయండి. ఏ ఏడాది, ఏ టోర్నమెంటు, ఏ మైదానం, అప్పటికి వాళ్ల ఉద్యోగమేమిటి, తెలిసినంత రాయండి. ఒక కాపీ తీసి మీ ఊరి గ్రంథాలయానికో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కో ఇవ్వండి.